సగము ఆటకు నిండు వెల

వీడియో ఆటలను గూర్చి విమర్శ వ్రాయుటకు నాకు గల అర్హత మిక్కిలి స్వల్పము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి, బరంపురములో పనుల శాఖకు చెందిన ఒక కార్యాలయమున ముప్పదియైదు సంవత్సరములు బిల్లులు సరిచూచి విరమించుకొన్నవాడను. అయినను మా మనుమని ప్రక్కన కూర్చుండి కొన్నేండ్లుగా చూచుచున్న యీ ఆటలలో కథ యున్నది, పాత్రలున్నవి, సంభాషణ యున్నది, సంగీతమున్నది. అన్నిటికిని మించి వెల యున్నది. కథను గూర్చి పండితులు చెప్పుదురు గాక. వెలను గూర్చి గుమాస్తాయు నాలుగు మాటలు చెప్పవచ్చునని యీ సాహసము.

మా కార్యాలయములో ఒక పద్ధతి యుండెడిది. కల్వర్టు కట్టు కంట్రాక్టరునకు కట్టినంత వరకే సొమ్ము. ఇంజనీరు కొలిచి మెజర్‌మెంటు బుక్కులో ఎక్కించిన పనికి రన్నింగు బిల్లు. ప్రతి బిల్లులోను కొంత మొత్తము డిపాజిటుగా నిలుపుదల. పని ముగిసి, కొంత గడువు గడచి, కట్టడము బీట వారకుండ నిలిచిన పిమ్మట ఆ డిపాజిటు విడుదల. పునాది త్రవ్వకమునుపే నిండు మొత్తమునకు బిల్లు పెట్టినచో ఆ కాగితము నా బల్ల దాటెడిది కాదు. నేటి ఆటల వర్తకమున జరుగుచున్నది సరిగా దీనికి తలక్రిందులు. కొనువాడు మొదటనే నిండు వెల చెల్లించును. కట్టువాడు తీరికగా కట్టును. ఒక్కొక్కప్పుడు కట్టనే కట్టడు.

ఇది రెండు విధములుగా నడచుచున్నది. మొదటిది ఎపిసోడుల పద్ధతి. వారపత్రికలో సీరియల్ నవల వలె ఒక కథను భాగములుగా విడదీసి, కొన్ని వారములకో నెలలకో ఒకటి చొప్పున విడుదల చేయుదురు. రెండవది ఎర్లీ యాక్సెస్ అనబడునది. ఆట తయారగుచుండగనే, లోపములతోడనే అమ్మకమునకు పెట్టుదురు. కొన్నవారు ఆడుచు లోపములు తెలుపుచుందురు, తయారు చేయువారు దిద్దుచుందురు. కంప్యూటరు ఆటలకు పెద్ద అంగడియైన స్టీమ్ 2013 మార్చిలో దీనికొక ప్రత్యేక విభాగమునే తెరచినది. మొదటిదానిలో చేతికి వచ్చిన ప్రతి ముక్కయు పూర్తియైనదే, మొత్తము మాత్రము పూర్తి కాలేదు. రెండవదానిలో మొత్తమంతయు ఉన్నట్లే కనిపించును గాని ఏ మూలయు పూర్తి కాదు. ఈ రెంటిని ఒకే గాటికి కట్టి తిట్టుట న్యాయము కాదని నా మతము.

ముక్కలుగా అమ్ముట క్రొత్తయు కాదు. 1993 డిసెంబరులో ఐడి సాఫ్ట్‌వేర్ వారు డూమ్ అను ఆటను విడుదల చేసినప్పుడు మూడు భాగములలో మొదటిదానిని ఉచితముగా పంచిపెట్టిరి. నచ్చినవారు సొమ్ము పంపి తక్కిన రెండును తెప్పించుకొనిరి. ఇందు గమనింపవలసినదేమనగా, సొమ్మడుగునాటికి ఆ రెండు భాగములును సిద్ధముగా నుండెను. రుచి చూపి, వండిన వంటనే అమ్మినారు. వండబోవు వంటకు విస్తళ్లు వేయలేదు.

వాల్వ్ సంస్థ వారి సంగతి వేరు. వారు హాఫ్-లైఫ్ అను ఆటను 1998లో, హాఫ్-లైఫ్ 2ను 2004లో వెలువరించిరి. ఆరేండ్ల యెడము మరీ దీర్ఘమని తలచి, ఇకమీదట కథను చిన్న ఎపిసోడులుగా త్వరత్వరగా ఇత్తుమని పలికి, 2006 జూన్‌లో మొదటిదానిని, 2007 అక్టోబరులో రెండవదానిని ఇచ్చిరి. మూడవది నేటికిని రాలేదు. మొదటి ఎపిసోడు వెల ఇరువది డాలర్లు. ఆట ఐదారు గంటలు. గంటల లెక్క చూచువారు అప్పుడే గొణిగిరి. నాకు ఆ గొణుగుడు రుచింపదు. గంటలను బట్టియే వెల కట్టినచో త్యాగరాజస్వామి కృతి కంటె హరికథ యెప్పుడును ఖరీదైనదే కావలెను గదా. నా ఆక్షేపణ వేరొకటి. రెండవ ఎపిసోడు చివర ఈలై వాన్స్ అను తండ్రి కూతురి కనులయెదుట చంపబడును. ఆ బిడ్డ శవముపై బడి యేడ్చుచుండగా తెర నల్లబడును. సీరియల్ వ్రాయువాడు అట్టి చోట తెర దించుట, వచ్చు సంచికలో మరల ఎత్తుదునను నమ్మకముతోడనే. ఇక్కడ దించిన తెర దించినట్లే నిలిచిపోయినది.

ఆ కథ వ్రాసిన మార్క్ లెయిడ్‌లా 2016లో సంస్థను విడిచి, మరుసటి యేడు ఆగస్టులో పాత్రల పేర్లు మార్చి, ఒక ఉత్తరము రూపమున మిగిలిన కథను తన స్వంత వెబ్‌సైటులో ఉచితముగా ప్రచురించినాడు. వెల పెట్టి కొన్న కథకు ముగింపు ఈ విధముగా టపాలో వచ్చినట్లయినది. 2020 మార్చిలో హాఫ్-లైఫ్: అలిక్స్ అను ఆట వచ్చి ఆ మరణఘట్టమును మరల ముట్టి తారుమారు చేసినది గాని, దానిని ఆడుటకు తలకు తగిలించుకొను ఖరీదైన వీఆర్ పరికరము కావలెను. ఇంతకును వాల్వ్ వారు మూడవ ఎపిసోడు నిమిత్తము ఎవరి యొద్దను ముందుగా సొమ్ము పుచ్చుకొనలేదు. ఖాతా ప్రకారము వారు నిర్దోషులు. కథ ప్రకారము కారు.

ఎపిసోడుల పద్ధతికి మంచి పేరు తెచ్చినది ద వాకింగ్ డెడ్. కాలిఫోర్నియాలోని టెల్‌టేల్ గేమ్స్ వారు 2012 ఏప్రిల్ మొదలు నవంబరు వరకు ఐదు ఎపిసోడులుగా దీనిని విడుదల చేసిరి. ఐదింటికిని కలిపి ఇంచుమించు పాతిక డాలర్లు. చచ్చినవారు లేచి తిరుగు భయానక కథ యని మొదట నేను మొగము త్రిప్పుకొన్నాను. కాని అది పైపూత. లీ ఎవరెట్ అను హత్యా నేరస్థుని జైలునకు తీసికొనిపోవుచుండగా లోకము తలక్రిందులగును. తల్లిదండ్రులు దగ్గర లేని ఎనిమిదేండ్ల క్లెమెంటైన్ అను పిల్ల అతని పాలబడును. కథయంతయు ఆ పిల్లను పెంచుటయే. ఏమి తినవలెను, ఎవరిని నమ్మవలెను, అబద్ధము చెప్పవచ్చునా, ఇట్టి ప్రశ్నలకు ఆడువాడు కొద్ది క్షణములలో జవాబు చెప్పవలెను. చెప్పిన పిమ్మట, ఆ పిల్ల దీనిని జ్ఞాపకముంచుకొనునని తెర మూలను చిన్న అక్షరములు కనిపించును. తండ్రులైనవారికి, తాతలైనవారికి ఆ అక్షరములు చురుక్కున తగులును.

దీనిపై ఒక ఆరోపణ కలదు. మొదటి ఎపిసోడులో డగ్, కార్లీ అను ఇద్దరిలో ఒక్కరినే కాపాడుటకు వీలగును. మూడవ ఎపిసోడునాటికి, కాపాడబడినవారు ఎవరైనను, తుపాకి గుండునకు బలియగుదురు. విడిపోయిన రెండు దారులును మరల ఒక్కటే దారి. అట్లయినచో ఎంపికకని సొమ్ము పుచ్చుకొని ఎంపిక ఇయ్యలేదని కొందరు వాదింతురు. వాదము బలమైనదే. కాని ఆ ఎంపిక విలువ ఫలితములో లేదు. రెండు ఎపిసోడుల నడిమి దినములలో నున్నది. మా యింట ఇది నాకు అనుభవము. మేము చూచునాటికి ఐదు ఎపిసోడులును ఎప్పుడో ముగిసియుండెను. మనుమడు ఒక్క రాత్రిలో ముగింతునన్నాడు. నేను వల్లకాదని, ఆదివారమునకొకటి చొప్పున నియమము పెట్టినాను. తుపాకి పేల్చుట తెలిసిన కార్లీయే పనికివచ్చునని వాడు. పనికివచ్చుట చూచి ప్రాణము నిలుపుట ఏమి న్యాయమని నేను. మా కోడలు వంటయింటినుండియే, "మీ ఇద్దరూ ముందు భోజనాలకు రండి, తరువాత ఎవరిని చంపుకుంటారో చంపుకోండి" అన్నది. నాలుగవ ఎపిసోడు చివర లీ కాటు తిన్నట్లు తెలిసిన పిమ్మట ఆ వారము మా యింట గడచిన తీరు నేను వ్రాయను. ఒక్క రాత్రిలో ముగించినవానికి ఆ వారము దొరకదు. ఎపిసోడుల పద్ధతి కొనువానికిచ్చునది కథ మాత్రమే కాదు, కథను గూర్చి తలపోయు వ్యవధి. ఆ వ్యవధికి వెల కట్టుట యే గుమాస్తాకును సాధ్యము కాదు.

అదే సంస్థ 2018లో ఆ కథకు చివరి సీజనును నాలుగు ఎపిసోడులుగా ప్రకటించి, నాలుగింటికిని ఒక్కమారే వెల పుచ్చుకొన్నది. ఆగస్టులో మొదటిది వచ్చినది. సెప్టెంబరు 21వ తేదీన సుమారు రెండువందల యేబది మంది పనివారిని పరిహారమైనను లేకుండ పంపివేసి, పాతిక మందిని మాత్రము ఉంచుకొన్నారు. కొద్ది దినములలో రెండవ ఎపిసోడు వచ్చినది. తక్కిన రెండింటి గతి యేమగునో ఎవరికిని తెలియదు. పిమ్మట, మూలమైన బొమ్మల కథను వ్రాసిన రాబర్ట్ కిర్క్‌మన్ గారి స్కైబౌండ్ సంస్థ వారు ముందుకు వచ్చి, పాత పనివారిలో కొందరిని చేర్చుకొని, 2019 జనవరిలో మూడవదానిని, మార్చిలో నాలుగవదానిని ముగించిరి. కొన్నవారు మరల సొమ్ము చెల్లింపనక్కరలేక పోయినది.

కొన్నవారికి నష్టము లేదు గనుక కథ సుఖాంతమని కొందరందురు. కంట్రాక్టరు దివాలా తీసినప్పుడు మా కార్యాలయములో మొదట చూచునది కల్వర్టును కాదు, మస్టరు రోలును. కూలీలకు ముట్టినదా లేదా? ఆ ప్రశ్న కొన్నవారి లెక్కలో చేరదు. చేరవలెనని నేననుకొందును. ముందుగా పుచ్చుకొన్న సొమ్ముతో నడచు సంస్థ ఆగిపోయిననాడు ఇరువైపులవారును ఒక్క గోతిలోనే పడుదురు.

అసంపూర్ణ గ్రంథములు మనకు క్రొత్తవి కావు. నన్నయభట్టారకుని భారతము ఆరణ్యపర్వమున ఆగినది. తిక్కన విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు వ్రాసెను. ఆ నడిమి కొఱత ఎఱ్ఱన చేతిలో గాని తీరలేదు. కాని అది రాజాస్థానపు మాట, అంగడి మాట కాదు. అంగడికి దగ్గరి ఉదాహరణము కొమఱ్ఱాజు లక్ష్మణరావు గారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. సంచికలుగా వెలువడిన ఆ మహాగ్రంథము, 1923లో వారు గతించునప్పటికి మూడు సంపుటములే అయి, అకారాది విషయములతోడనే సరిపోయినది. అది తెప్పించుకొన్నవారు మోసపోయినారని ఎవరును అనలేదు. ఏలనగా అందులోని ప్రతి వ్యాసమును తనకు తాను పూర్తియైనది. తరువాతి సంపుటము రాకున్నను ముందటి సంపుటము చెడలేదు. హాఫ్-లైఫ్ రెండవ ఎపిసోడునకు ఈ గుణము లేదు. మూడవది రాకపోవుటచే అది కొంత చెడినది. అర్ధాంతరముగా నిలిచిన వస్తువు విలువ ఎంతయని చూచునప్పుడు నాకు తోచిన కొలబద్ద యిదియే: నిలిచిపోయిన చోటనుండి వెనుకకు తిరిగి చూచినచో, చేతిలో నున్న భాగము బ్రతికియున్నదా?

ఈ కొలబద్దతో చూచినప్పుడు నాకు అన్నిటికంటె ఆశ్చర్యము గొలిపినది కెంటకీ రూట్ జీరో. ముగ్గురు మనుష్యులు కట్టిన ఆట. మొదటి అంకము 2013 జనవరిలో వచ్చినది, రెండవది అదే సంవత్సరము మే నెలలో, మూడవది 2014లో, నాలుగవది 2016లో, ఐదవదియు కడపటిదియు 2020 జనవరిలో. మొదటి అంకమునాటికి పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడు ఐదవదానినాటికి పాతికేండ్లవాడు. ఏడేండ్లు! మా కార్యాలయములో నైనచో ఫైలు చెదపురుగుల పాలయ్యెడిది.

కథ యేమన, పాత సామానుల దుకాణమునకు లారీ నడుపు కాన్వే అను వృద్ధుడు, తోడుగా ముసలి కుక్క. కడపటి సరుకును ఒక చిరునామాకు చేర్పవలెను. ఆ చిరునామాకు పోవు దారి భూగర్భమున నున్న జీరో అను రహస్యపు రహదారి. దారిలో కాలు విరుగును; వైద్యుడు కాలు బాగుచేయును, బిల్లు మిగులును. అప్పులో నున్నవాడు త్రాగుడు మానినవాడు. ఒక సారా బట్టీలో మరల త్రాగి, ఆ త్రాగినదానికి బాకీపడి, బాకీ తీర్చుటకు అస్థిపంజరముల వంటి కూలీలలో తానొకడై నాలుగవ అంకమున పడవ నెక్కి వెడలిపోవును. కథానాయకుడు లేకయే ఐదవ అంకము. ప్రతి మనుష్యుడును ఎవరికో బాకీయున్న లోకమిది. కరెంటు బిల్లు, ఆసుపత్రి బిల్లు, గని కంపెనీ బాకీ. ముప్పదియైదేండ్లు బిల్లుల నడుమ కూర్చున్న నాకు ఇంత సూటిగా బాకీని గూర్చి మాటలాడిన కథ మరియొకటి కనబడలేదు. ఐదవ అంకమున వరద వెలసిన పిమ్మటి పగటి వెలుతురులో, ఒక్క ఊరి నడుమ, పిల్లి రూపమున తిరుగుచు అందరి మాటలును వినుటయే ఆట.

అంకమునకు అంకమునకు నడుమ చిన్న చిన్న ఘట్టములను వారు ఉచితముగా ఇచ్చుచుండిరి. ఆలస్యమునకు వడ్డీ కట్టినట్లు! ప్రతి అంకమును తనంతట తాను నిలుచును. మూడవదానితోనే ఆగియున్నను అది నష్టమగును గాని మోసము కాదు. ఏడేండ్లు ఆగినవానికి నిండు విలువ ముట్టినదని నా తీర్పు. అయితే ముగ్గురు మనుష్యుల పట్టుదలయే దీనికి హామీ. వేరు హామీ లేదు. అట్టి పట్టుదల దొరకినవాడు అదృష్టవంతుడు. అదృష్టము ఒప్పందము కాదు.

ఇక ఎర్లీ యాక్సెస్. దీనిని గూర్చి చెప్పుటకు కథ తక్కువ, లెక్క యెక్కువ. మైన్‌క్రాఫ్ట్ ఆటను తయారు చేసినవారు అది పచ్చిగా నున్న 2009లోనే అమ్మసాగిరి. కాని వెల సగము. అప్పుడు పది యూరోలకు ఐదు సెంట్లు తక్కువ. 2011 నవంబరులో పూర్తియగునాటికి ఇరువది యూరోలకు ఐదు సెంట్లు తక్కువ. ముందుగా కొన్నవాడు తరువాతి మార్పులన్నియు ఉచితముగా పొందెను. అపాయమును భరించినవానికి అందుకు తగిన తగ్గింపు: ఇది సరియైన బేరము. సూపర్‌జయంట్ వారి హేడీస్ 2018 డిసెంబరులో ఇరువది డాలర్లకు వచ్చి, 2020 సెప్టెంబరులో పూర్తియై పాతిక డాలర్లకు చేరినది. అందు ఇంకొక చమత్కారము కలదు. పాతాళమునుండి తప్పించుకొనజూచు రాజకుమారుడు ప్రతిసారియు చచ్చి మరల మొదటికి వచ్చుట ఆ ఆట స్వరూపము. మొదటికి వచ్చినప్పుడెల్ల ఇంటిలో ఎవరో ఒకరు క్రొత్త మాట చెప్పుదురు. ఇట్టి కథకు ముగింపు లేకున్నను కొంతకాలము లోటు తెలియదు. దినదినము పెరుగుటయే దానికి సహజము. ఏ ఆటను పచ్చిగా అమ్మవచ్చును, ఏ ఆటను అమ్మరాదు అనునది వర్తకపు ప్రశ్న మాత్రమే కాదు, కావ్యస్వరూపపు ప్రశ్న కూడ.

దీనికి ఎదురుగా కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2. దీని మొదటి ఆట పిల్లలకు గ్రహగతులను, రాకెట్టు విద్యను నవ్వుచు నేర్పిన మంచి ఆట; అదియును పచ్చిగానే అమ్ముడై 2015లో చక్కగా పూర్తియైనది. ఆ మంచిపేరు పెట్టుబడిగా రెండవదానిని 2023 ఫిబ్రవరిలో యేబది డాలర్లకు అమ్మకమునకు పెట్టిరి. పూర్తియైన మొదటి ఆట కంటె పూర్తి కాని రెండవ ఆట వెల యెక్కువ! అన్య నక్షత్రములకు ప్రయాణము, గ్రహములపై కాలనీలు, పలువురు కలిసి ఆడు వసతి ముందు ముందు వచ్చునని పటము గీసి చూపిరి. ఆ సంవత్సరము డిసెంబరులో శాస్త్ర పరిశోధనలకు సంబంధించిన ఒక భాగము మాత్రము వచ్చినది. 2024 నడిమికి ఆ స్టూడియో మూతబడినది. పటములోని తక్కినవి పటములోనే యున్నవి.

స్టీమ్ అంగడి వారు ఊరకున్నారనుట తప్పు. ఇట్టి ఆట ప్రతిదానిపైనను, ఇది పూర్తి కాలేదు, ఇంకను మారవచ్చును, మారకపోవచ్చును, ఇప్పుడున్న స్థితిలో నచ్చకున్న ఆగుడని హెచ్చరిక యుండును. 2015నుండి, కొన్న పదునాలుగు దినములలో, రెండు గంటలకు మించి ఆడకున్నచో సొమ్ము వాపసు ఇచ్చుచున్నారు. సంవత్సరమునకు పైగా మార్పు లేని ఆటపై ఆ సంగతిని తెలుపు సూచనను 2025లో చేర్చిరి. ఇవన్నియు మంచివే. కాని వాపసు నియమము పూర్తియైన సరుకునకు తగినది. పూర్తి కాని సరుకులోని లోపము రెండు గంటలలో బయటపడదు, రెండేండ్లలో బయటపడును.

నా గుమాస్తా బుద్ధికి ఒక ఉపాయము తోచినది: ప్రతి అమ్మకములోను కొంత భాగమును అంగడియే డిపాజిటుగా నిలిపి, ఆట పూర్తియైన పిమ్మట విడుదల చేయరాదా? మనుమనితో అంటిని. వాడు నవ్వి, "తాతా, ఆ డబ్బుతోనేగా వాళ్లు ఆట తయారు చేసేది. అది కూడా నువ్వు పట్టుకుంటే ఇంక వాళ్లు తినేదేమిటి?" అన్నాడు. మాట నిజమే. పెద్ద సంస్థకు చెల్లు నియమము ముగ్గురు మనుష్యుల దుకాణమునకు ఉరి కావచ్చును. కనుక డిపాజిటు మాట విడిచి, తగ్గింపు మాటకే నేను కట్టుబడియున్నాను: పచ్చి సరుకునకు పచ్చి వెల.

ఈ వాడు మూడేండ్ల క్రితము పదవ తరగతి బహుమతి సొమ్ములో పన్నెండు వందల రూపాయలు పెట్టి ఒక ఆట కొన్నాడు. పేరు చెప్పను. ఓడ కట్టుకొని దీవులు వెదకు ఆట. ఉత్తర దిక్కున మంచు దీవులు రాబోవుచున్నవని పటముపై తెల్లని మరకగా చూపిరి. రెండేండ్లుగా తయారీదారు జాడ లేదు. మోసము గదరా యంటిని.

"అరవై గంటలు ఆడాను తాతా. గంటకి ఇరవై రూపాయలు. సినిమా టిక్కెట్టు కంటే చవక. లెక్క నువ్వే చూడు."

లెక్క చూచినాను. తప్పు లేదు.

"మరి ఆ ఉత్తరపు దీవులో?"

"అవి రావు తాతా. ఇలాంటివి రావులే."

కోపము లేదు, విచారము లేదు. వానగూర్చి చెప్పినట్లు చెప్పినాడు. నాకు ఆ అరువది గంటల లెక్క కంటె ఈ మాట యెక్కువ బాధించినది. చాల యేండ్ల క్రిందట ఒక పల్లెటూరి బడి హెడ్మాస్టరు గారు వరండా పైకప్పు సంగతి కనుగొనుటకు మా కార్యాలయమునకు వచ్చెడివారు. స్తంభములు లేచినవి, కప్పు పడలేదు. మూడు మారులు వచ్చి అడిగినారు. నాలుగవ మారు వచ్చినప్పుడు కుశలప్రశ్నలు వేసి, మంచినీళ్లు త్రాగి, వరండా మాట యెత్తకయే లేచిపోయినారు. బిల్లు ప్రకారము ఆ పనిలో చెల్లించినదంతయు కట్టిన పనికే; పైసా తేడా లేదు. నా లెక్క సరిగానే యుండెను.

మొన్నటి దసరాకు నేనిచ్చిన సొమ్ముతో మనుమడు హేడీస్ కొన్నాడు. పూర్తియైనదేనా యని నేనే రెండు మారులు అడిగి మరి సొమ్మిచ్చినాను. ఓడల ఆటను మాత్రము వాడు కంప్యూటరునుండి తీసివేయలేదు. చోటు పట్టుచున్నది గదా, ఎందుకురా యంటే, కట్టుకొన్న ఓడ అందులోనే యున్నదన్నాడు.